పారిస్‌లో ఎక్కడ తినాలి, ఎప్పుడు తినాలి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పారిస్ చూడబోతున్నవాళ్లు, చదువుకోసం అక్కడ చేరినవాళ్లు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. ధరలు యూరోల్లో, సుమారుగా చెప్పినవి. ఫ్రెంచి మాటలను అక్కడివాళ్లు పలికే తీరుకు దగ్గరగా తెలుగులో రాశాం.

ప్రశ్న: మేం నలుగురం, సెప్టెంబరులో వారంరోజులు పారిస్‌లో ఉంటాం. రాత్రిపూట ఓ మాదిరి రెస్టారెంటుకు వెళ్లినా మనిషికి 40, 50 యూరోలవుతుందని అంటున్నారు. తక్కువ ఖర్చుతో బాగా పెట్టే చోట్లు చెప్పగలరా?

జవాబు: చోటు వెతకడం కన్నా పూట మార్చుకోవడం లాభం. పారిస్‌లో అదే వంటవాడు, అదే వంటగదిలో చేసిన భోజనానికి సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం ఒక ధర, రాత్రికి ఇంకో ధర. చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల కోసం మధ్యాహ్నం ‘ఫొర్మ్యూల్’ అని పెడతారు. మొదటి వంటకం, ప్రధాన వంటకం. లేదంటే ప్రధాన వంటకం, తీపి. ఏ జత తీసుకున్నా 17 నుంచి 24 యూరోలు. మూడూ కావాలంటే ఇంకో నాలుగైదు యూరోలు. గుమ్మం పక్కన నల్లపలక మీద సుద్దతో రాసి ఉంటుంది. అందులో ‘మిదీ’ అన్న మాట కనిపిస్తే ఆ ధర మధ్యాహ్నానికే. శనివారం, ఆదివారం ఆ పలక చాలాచోట్ల కనపడదు. కాబట్టి రోజుకు ఒక్కసారే బాగా తిందామనుకుంటే అది పనిరోజు మధ్యాహ్నం పెట్టుకోండి, రాత్రికి తేలిగ్గా కానివ్వండి.

అంత తినలేమనుకుంటే ‘ప్లా ద్యు జూర్’, అంటే ఆరోజు ప్రత్యేకంగా వండినది ఒక్కటే అడగండి, 13 నుంచి 17 యూరోలు. ఎవరూ ఏమీ అనుకోరు. పలక మీద ‘ఆంత్రే’ కింద ఉన్నవి మొదట తినే చిన్న వంటకాలు. అమెరికాలో అలవాటైనవాళ్లు దాన్నే అసలు భోజనమనుకుని అదొక్కటే చెప్పి అర్ధాకలితో లేస్తుంటారు. పన్నెండుంపావుకల్లా కూర్చుంటే మంచిది. ఒంటిగంటకు ఆఫీసులవాళ్లతో నిండిపోతుంది. ఒకటిన్నర దాటితే ఆరోజు వంటకం అయిపోయిందనే అంటారు.

రాత్రికి కూడా తక్కువలో ఫ్రెంచి భోజనమే కావాలంటే ‘బుయోఁ’ అనే భోజనశాలలున్నాయి. 19వ శతాబ్దంలో లె హాల్ మార్కెట్ దగ్గర పనివాళ్లకు మాంసం ఉడికించిన రసం, ముక్క కలిపి చవగ్గా పెట్టిన పద్ధతి నుంచి ఆ పేరు వచ్చింది. వాటిలో బాగా పేరున్నది ఫోబూర్ మోంమార్త్ర్ వీధిలో 1896లో తెరిచిన షార్తియే. గ్రాఁ బులవార్ మెట్రోలో దిగితే రెండు నిమిషాలు. వెయిటరు మీరు చెప్పినవన్నీ బల్ల మీద పరిచిన కాగితం మీదే రాసుకుని, ఆఖర్న అక్కడే కూడిక వేసి చూపిస్తాడు. గోడలకు నంబర్లు వేసిన చిన్న సొరుగులుంటాయి. ఒకప్పుడు రోజూ వచ్చేవాళ్లు తమ తువ్వాళ్లు వాటిలో దాచుకునేవారు. కొత్తగా వచ్చినవాటిలో పిగాల్, రెపుబ్లిక్ మెట్రో స్టేషన్ల దగ్గర ఆ పేర్లతోనే ఉన్న బుయోఁలు బాగుంటాయి. ఉడికించిన గుడ్డు మీద మాయొనేజ్ వేసి ఇచ్చేది రెండు మూడు యూరోలు, ప్రధాన వంటకాలు 10 నుంచి 15. పొడుగ్గా వరస ఉంటుంది గానీ వేగంగా కదులుతుంది. ఏడింటికి ముందో, తొమ్మిదిన్నర తర్వాతో వెళ్లండి. వంట గొప్పదేం కాదు, ఇంటివంట స్థాయి. నలుగురికి 80 యూరోల్లోపు ముగిసే ఫ్రెంచి భోజనం నగరం నడిబొడ్డున ఇంతకన్నా నమ్మకంగా దొరకదు.

ప్రశ్న: మా అమ్మానాన్నలు పూర్తి శాకాహారులు. గుడ్డు కూడా ముట్టరు. ‘వెజిటేరియన్’ అని చెబితే సరిపోతుందాండీ?

జవాబు: సరిపోదు. ఫ్రెంచిలో ‘వ్యాంద్’ అంటే మాంసమే, కానీ వాడుకలో చాలామంది మనసులో ముందు మెదిలేది ఎర్రమాంసం. మాంసం వద్దంటే చేప తెచ్చేవాళ్లున్నారు. సలాడ్ మీద సన్నగా తరిగిన పందిమాంసం ముక్కలు చల్లి తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ ముక్కల పేరు ‘లార్దోఁ’. ఆ మాట గుర్తుంచుకోండి, ఎక్కడపడితే అక్కడ తగులుతుంది. ‘సాఁ వ్యాంద్, సాఁ ప్వాసోఁ, సాఁ లార్దోఁ, సాఁ జాంబోఁ’ అని నాలుగూ వరసగా చెప్పాలి: మాంసం, చేప, పందిముక్కలు, హామ్ లేకుండా. గుడ్డు కూడా వద్దంటే ‘సాఁజ్ ఉఫ్’ అని చేర్చండి. ఇదంతా ఫ్రెంచిలో ఒక కాగితం మీద రాయించుకుని వెయిటరు చేతికివ్వడం అన్నిటికన్నా నయం. వంటగది దాకా వెళ్లేది ఆ కాగితమే.

పేరు చూసి మోసపోయేవి ఇవి. ఉల్లిపాయ సూపు ఆవుమాంసం ఉడికించిన రసంతో చేస్తారు. మెత్తటి కూరగాయల సూపులో తరచు కోడి రసం ఉంటుంది. లొరేన్ కిష్‌లో లార్దోఁ, నీస్ సలాడ్‌లో ట్యూనా, ఆంచొవీ చేపలు. వేడి మేకపాల చీజ్ వేసిన సలాడ్ చూడటానికి నిరపాయంగా ఉంటుంది, దానిలోనూ లార్దోఁ వేసే చోట్లు చాలా. ఉత్తరాఫ్రికా హోటళ్లలో ‘కూరగాయల కూస్‌కూస్’ అని ఉన్నా, ఆ కూరలు ఉడికింది మటన్ కుండలోనే కావచ్చు. బంగాళదుంప వేపుళ్లు కొన్ని బ్రాస్రీల్లో, అంటే కెఫే తరహా పెద్ద హోటళ్లలో, పశువు కొవ్వులో వేయిస్తారు. ‘సార్లదేజ్’ అనే దుంపలైతే బాతుకొవ్వులోనే వేగాలి, దాని రుచే అది. జెల్లీలు, మూస్, పన్నకొట్టా లాంటి తీపి పదార్థాల్లో జిలెటిన్ ఉండే వీలుంది.

చీజ్ సంగతి పెద్దవాళ్లకు ముందే చెప్పి నిర్ణయం వాళ్లకే వదిలేయండి. కోంతే, పర్మెజాన్ లాంటి సంప్రదాయ చీజ్‌లలో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. ఈ పట్టింపు ఉన్నవాళ్లకు ఫ్రెంచి భోజనశాలలో మిగిలేవి చాలా తక్కువ. గుడ్డు కూడా లేకపోతే వెనిగర్, నూనె కలిపిన వెనిగ్రెట్ పోసిన లీక్ అనే ఉల్లిజాతి కాడలు, వేయించిన పుట్టగొడుగులు, పచ్చి సలాడ్, బ్రెడ్. పూట గడుస్తుంది, అంతే.

అందుకని వాళ్లను ఫ్రెంచి రెస్టారెంటులో కూర్చోబెట్టి అందరూ ఇబ్బంది పడేకంటే లెబనాన్ హోటలుకు తీసుకెళ్లండి. హమ్మస్, కాల్చిన వంకాయ ముద్ద, ఫలాఫెల్, తబూలే, పెరుగు, వేడి రొట్టె. వంట పద్ధతిలోనే మాంసం వేరుగా, కూరలు వేరుగా ఉంటాయి. రెండోది ఇథియోపియా హోటలు. పెద్ద పుల్లట్టు లాంటి ఇంజెరా మీద పప్పులు, కూరలు కుప్పలుగా పోసి తెచ్చే ఉపవాసపు పళ్లెం అడిగితే అందులో మాంసం, పాలు, గుడ్డు ఏవీ ఉండవు. ‘మరే’ అనే పేటలో రోజియే వీధిలో ఫలాఫెల్ పొట్లం 10 యూరోల లోపు దొరుకుతుంది, వంకాయ ముక్కలు, క్యాబేజీ కూరి ఇస్తారు. ఆ వీధి యూదులది. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం పొద్దుగూకేదాకా ఎక్కువ దుకాణాలు మూసేస్తారు, ఆదివారం తొక్కిసలాటగా ఉంటుంది.

బ్రెడ్ గురించి నిశ్చింతగా ఉండవచ్చు. 1993 నాటి ప్రభుత్వ ఆదేశం ప్రకారం ‘ట్రాదిస్యోఁ’ అని అమ్మే బాగెట్‌లో పిండి, నీళ్లు, ఉప్పు, పులియబెట్టే పదార్థం తప్ప వేరే రసాయనాలు కలపకూడదు, ఏ దశలోనూ గడ్డకట్టించకూడదు. పాలూ గుడ్డూ లేవు. క్రువాసాఁ మాత్రం మెరుపుకోసం పైన గుడ్డు పూసి కాలుస్తారు. బ్రియోష్ పిండిలోనే గుడ్డు కలుపుతారు.

ప్రశ్న: మేం కోడి, మటన్, చేప తింటాం. ఆవు, పంది తినం. మెనూలో బీఫ్, పోర్క్ అని రాసి ఉంటే చాలు, తప్పించుకుంటాం. ఇంకేమైనా జాగ్రత్తలున్నాయా?

జవాబు: చిక్కంతా అక్కడే. చాలాసార్లు జంతువు పేరుండదు, ముక్క పేరో వంటకం పేరో ఉంటుంది. బావెత్, ఓంగ్లే, ఆంత్రకోత్, ఫో ఫిలే, రమ్‌స్టెక్ ఇవన్నీ గొడ్డుమాంసం ముక్కలే. పో తో ఫో, హషీ పార్మాంతియే, బూర్గిన్యోఁ, తార్తార్ కూడా గొడ్డుమాంసమే. తార్తార్ అయితే పచ్చిది. బ్లాంకెత్ మామూలుగా దూడమాంసం. ఆందుయెత్ పంది పేగులతో చేసేది, వాసన బల్ల దాటి పోతుంది. బుదాఁ నువార్ పంది నెత్తురుతో చేసినది. పాతే, తెరీన్, రియెత్ అన్నవాటిలో కోడి అనో బాతు అనో ప్రత్యేకంగా రాసి లేకపోతే పంది అనుకోండి, ఒక్కోసారి అలా రాసి ఉన్నవాటిలోనూ పంది కొవ్వు కలుపుతారు. క్రోక్ ముస్యూలో హామ్. ‘కోంప్లెత్’ అనే గాలెత్ అట్టులో గుడ్డు, చీజ్‌తోపాటు హామ్.

చూసీ చూడనట్టు దాటిపోయే ఒకటుంది. ఫ్రెంచిలో అన్నాన్ని ‘రీ’ అంటారు. ‘రీ ద వో’ అన్న వంటకం కూడా వినడానికి అన్నంతో ఏదో కలిపినట్టే ఉంటుంది. కానీ అది దూడ మెడ దగ్గరి గ్రంథి. పలుకుబడి ఒకటే, రాతలో చివరి అక్షరం వేరు. ఖరీదు చూసినా తెలుస్తుంది: అన్నానికి ఎవరూ 35 యూరోలు అడగరు.

పిల్లలున్నారా? పిల్లల మెనూలో ‘స్టేక్ అషే’ అని ఉండేది గొడ్డుమాంసం ఖైమా బిళ్ల. దాని బదులు కోడి నగెట్లో చేప ముక్కలో అడగండి.

నమ్మకంగా తీసుకోదగినవి: పూలే రోతీ అంటే కాల్చిన కోడి, సురీ దాన్యో అంటే గంటల తరబడి ఉడికిన గొర్రెకాలు, కోంఫీ ద కనార్ అంటే బాతుకాలు, ఏ చేపైనా. కోక్ ఓ వాఁ కోడికూరే, కాకపోతే ఎర్రవైన్‌లో ఉడుకుతుంది, లార్దోఁ కూడా వేస్తారు.

ప్రశ్న: మూడోరోజుకే ఇడ్లీ, దోశ, అన్నం మీద మనసు పోతుంది. పారిస్‌లో దక్షిణాది తిండి ఎక్కడ?

జవాబు: గార్ ద్యు నోర్ రైల్వేస్టేషను వెనక, లా షపెల్ మెట్రో దాకా. శ్రీలంక తమిళులు స్థిరపడిన పేట అది. ఫోబూర్ సాఁ దెనీ వీధి ఉత్తరపు కొసన కూరగాయల దుకాణాల్లో కరివేపాకు, మునక్కాడలు, బెండకాయలు, పక్కనే చీరలు, బంగారం. ఆ వీధిలోనే శరవణ భవన్ ఉంది. దానికి దగ్గర్లోని కాయ్ వీధిలో కృష్ణ భవన్ పూర్తి శాకాహారం, పెద్దవాళ్లకు అదే హాయి. మసాలా దోశ 10 యూరోలకు కాస్త అటూఇటూగా వస్తుంది. తమిళ హోటళ్లలో దోశకన్నా కొత్తు పరోటా, ఇడియాప్పం, అప్పం, అన్నంతో నాలుగు కూరల పళ్లెం బాగుంటాయి. వాళ్ల పనితనం అందులోనే తెలుస్తుంది. కారం నిజంగా కారమే. సాంబారు మాత్రం మన రుచికి కాస్త తేడా అనిపించవచ్చు.

విమానాశ్రయం నుంచి వచ్చే ఆర్‌ఈఆర్ బి రైలు గార్ ద్యు నోర్‌లో ఆగుతుంది కనుక దిగినరోజు రాత్రికి ఇది అన్నిటికన్నా సులువైన భోజనం. స్టేషను ప్రాంతంలో జేబుదొంగల బెడద ఉంది. పెట్టెలు పెట్టుకుని తిరగొద్దు, గదిలో దించేసి రండి.

పుస్తకాల్లో ‘భారతీయ వీధి’ అని రాసే పసాజ్ బ్రాదీ ఇక్కడికి దక్షిణాన, ఫోబూర్ సాఁ దెనీ వీధిలోనే ఉంది. 1828 నాటి గాజుకప్పు కింద వరసగా హోటళ్లు. చూడటానికి బాగుంటుంది. తిండి మాత్రం ఎక్కువగా ఉత్తరాది తరహా, ఫ్రెంచివాళ్ల నాలుకకు తగ్గట్టు చప్పబరిచినది. తలుపు దగ్గర నిలబడి లోపలికి రమ్మని పిలుస్తుంటారు. దోశ కోసమైతే అక్కడ ఆగొద్దు.

ప్రశ్న: మధ్యాహ్నం మూడున్నరకు నాలుగు హోటళ్లు తిరిగితే వంట లేదన్నారు. ఇదేం పద్ధతి?

జవాబు: పద్ధతే అది. పొయ్యి పన్నెండు నుంచి రెండు, రెండున్నర దాకా, మళ్లీ ఏడున్నర నుంచి పది, పదిన్నర దాకా. మధ్యలో వంటవాళ్లు ఇంటికి పోతారు. కుర్చీలు బయటే ఉంటాయి, కాఫీ ఇస్తారు, వంట ఉండదు. మధ్యలో ఆకలేస్తే గుమ్మం మీద ‘సర్వీస్ కోంతిన్యు’ అన్న రాత వెతకండి. పెద్ద బ్రాస్రీలు, బుయోఁలు, లా షపెల్ హోటళ్లు ఆపకుండా నడుస్తాయి. షుగరు మందులు వాడే పెద్దవాళ్లు వెంట ఉంటే రాత్రి ఎనిమిది దాకా ఆగొద్దు. ఆరింటికే ఇలాంటి చోటుకు వెళ్లండి, లేదా బేకరీలో ఏదైనా కొని దగ్గర ఉంచుకోండి.

ఆదివారం, సోమవారం చాలా చిన్న రెస్టారెంట్లకు సెలవు. ఆగస్టులో అయితే యజమానులే ఊరొదిలి పోతారు, మూడేసి వారాలు తలుపులకు కాగితం అంటించి ఉంటుంది. సాఁ లూయీ ద్వీపంలో 1954 నుంచి ఐస్‌క్రీమ్‌కు పేరుపడ్డ బెర్తియోఁ కూడా నడివేసవిలో సెలవు తీసుకుంటుందంటే అక్కడి తీరు అర్థమవుతుంది.

ప్రశ్న: నీళ్లు అడిగితే 7 యూరోల సీసా తెచ్చారు. బిల్లు చెల్లించేటప్పుడు కార్డు మిషను టిప్పు అడిగింది. రెండూ తప్పనిసరా?

జవాబు: రెండూ కాదు. వెయిటరు ‘మామూలువా, గ్యాసువా?’ అని అడుగుతాడు. ఏది చెప్పినా సీసాయే వస్తుంది. ‘యున్ కరాఫ్ దో, సిల్ వూ ప్లే’ అనండి. కుళాయి నీళ్లు జాడీలో వస్తాయి. భోజనంతోపాటు నీళ్లు, బ్రెడ్ ఉచితంగా ఇవ్వాలన్నది ఎప్పటినుంచో ఉన్న నిబంధన. ఉచితంగా నీళ్లు అడగవచ్చని మెనూలోనో గోడమీదో కనపడేట్టు రాయాలని 2020 నాటి చట్టం కూడా చెబుతోంది. పారిస్ కుళాయి నీళ్లు తాగడానికి మంచివే.

మెనూలో రాసిన ధరలోనే పన్నూ, సేవ రుసుమూ కలిసి ఉంటాయి. బిల్లు కింద ‘సర్వీస్ కోంప్రి’ అన్న మాటకు అర్థం అదే. కార్డు మిషను మీద 5, 10, 15 శాతం అని చూపించడం ఈమధ్య వచ్చిన అలవాటు, ముఖ్యంగా విదేశీయులు వచ్చే చోట్ల. మొహమాటం లేకుండా టిప్పు లేదన్న మీట నొక్కండి. బాగా చూసుకున్నారనిపిస్తే బల్లమీద ఒకటి రెండు యూరోల నాణెం పెట్టండి, మర్యాదగా సరిపోతుంది.

బిల్లు అడిగేదాకా తేరు. అది నిర్లక్ష్యం కాదు, తినేవాళ్లను లేపకూడదన్న మర్యాద. ‘లాదిస్యోఁ, సిల్ వూ ప్లే’ అనాలి. తలుపు తీయగానే ‘బోంజూర్’, చీకటి పడ్డాక ‘బోంస్వార్’ అనకుండా నేరుగా అవసరం చెబితే మాత్రం మొహం మాడ్చుకుంటారు. మిగిలిన తిండి కట్టివ్వమని అడగవచ్చు. 2021 జూలై నుంచి డబ్బా ఇవ్వడం రెస్టారెంట్ల బాధ్యత.

ప్రశ్న: నోత్రదామ్ చర్చి దగ్గర తిన్నాం. డబ్బు పోయింది, రుచి లేదు. ముందే కనిపెట్టడం ఎలా?

జవాబు: మెనూ లావు చూడండి. చిన్న వంటగదిలో అరవై వంటకాలు తాజాగా వండటం ఎవరివల్లా కాదు. అవి గడ్డకట్టించిన ప్యాకెట్లు, వేడిచేసి పెడతారు. మూడు మొదటి వంటకాలు, మూడు నాలుగు ప్రధాన వంటకాలు, అవీ సుద్దతో రాసినవి అయితే పొద్దున మార్కెట్లో కొన్నదాన్ని బట్టి వండుతున్నారన్నమాట. ఆరు భాషల్లో ఫొటోలతో మెనూ, వీధిలో చేయిపట్టి పిలిచే మనిషి ఉన్నచోట నుంచి నడిచి వెళ్లిపోండి. నోత్రదామ్ ఎదుటి యుషెత్ వీధి, మోంమార్త్ర్ కొండ మీద తెర్త్ర్ చౌకు ఇందుకు పేరుమోసినవి. 2014 నుంచి ‘ఫె మెజోఁ’ గుర్తు ఉంది: గిన్నె మీద ఇంటికప్పు బొమ్మ. అక్కడే వండిన వంటకం పక్కన అది పెట్టుకోవచ్చు. కూరగాయలు పచ్చివే కొనాలని ఆ నిబంధనలో లేదు, గడ్డకట్టించిన కూరలతో వండినా గుర్తు పెట్టవచ్చు. కాబట్టి ఆ గుర్తొక్కటే చూసి నమ్మొద్దు, పలక పొడుగు కూడా చూడండి.

ప్రశ్న: లూవ్ర్ మ్యూజియం, ఈఫిల్ టవర్, సక్రకర్ చర్చి చూసే రోజుల్లో మధ్యాహ్నం ఎక్కడ తింటే దగ్గర?

జవాబు: లూవ్ర్ నుంచి పది నిమిషాలు ఉత్తరంగా నడిస్తే సాంతాన్ వీధి, అంతా జపాన్ నూడుల్స్ దుకాణాలు. 12 నుంచి 16 యూరోల్లో వేడివేడి గిన్నె. శాకాహారులు అడిగి తినాలి, ఉడోన్ పులుసు ఎండుచేపతో కాస్తారు.

ఈఫిల్ టవర్ పక్కనే కూర్చుని తినాలన్న ఆశ మానుకోండి. సాఁ దొమినిక్ వీధి, క్లేర్ వీధి పదిహేను నిమిషాల దూరంలో ఉన్నాయి. అక్కడి బేకరీలో శాండ్‌విచ్, తీపి, పానీయం కలిపిన ఫొర్మ్యూల్ 9, 10 యూరోలకు కొని టవర్ ముందరి పచ్చికలో తినండి. ఎండ ఉన్నరోజు ఏ రెస్టారెంటూ దీనికి సాటిరాదు. సక్రకర్ నుంచి అయితే కొండ దిగి అబ్బెస్ మెట్రో వైపు వచ్చి తినండి.

రాత్రికి మోంపర్నాస్ పేరే ఉన్న వీధికి వెళ్లండి, వరసగా క్రెప్రీలే, అంటే పల్చటి అట్లు వేసే హోటళ్లు. ఈ అట్లకు పుట్టిల్లయిన బ్రిటనీ ప్రాంతం నుంచి రైళ్లు మోంపర్నాస్ స్టేషనుకే వస్తాయి, అక్కడినుంచి వచ్చినవాళ్లు ఆ చుట్టుపక్కలే దుకాణాలు పెట్టారు. ఉప్పటిది గాలెత్, సారాజాఁ, అంటే బక్‌వీట్ పిండిది, ముదురు రంగు, అంచులు కరకరలాడతాయి. మామూలుగా గోధుమ కలవదు, అయినా గ్లూటెన్ పడనివాళ్లు అడగాలి, ఎందుకంటే పెనం ఒక్కటే కావచ్చు. తియ్యటి క్రెప్ మాత్రం గోధుమపిండి, పాలు, గుడ్డు. చీజ్, పుట్టగొడుగులు వేసిన గాలెత్, ఒక తియ్యటి క్రెప్ కలిపి 18 నుంచి 20 యూరోలు. పదమూడో వార్డులో తోల్బియాక్ మెట్రో దిగి ష్వాజీ, ఈవ్రీ రోడ్ల మీద వియత్నాం, చైనా హోటళ్లకు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ‘ఫో’ పులుసు గొడ్డు ఎముకలతో కాస్తారు. ‘చాయ్’ అని రాసి ఉన్నవి శాకాహారం, టీ కాదు.

ప్రశ్న: ఎంఎస్ చేయడానికి వచ్చాను. నెలకు తిండికి 250 యూరోలే పెట్టగలను. బయట తినడం అసలు కుదరదా?

జవాబు: కుదురుతుంది, విశ్వవిద్యాలయ భోజనశాలల్లో. వాటిని క్రూస్ అనే ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. 2026 మే నుంచి విద్యార్థులందరికీ పూర్తి భోజనం 1 యూరో. మొదటి వంటకం, ప్రధాన వంటకం, పండో పెరుగో, బ్రెడ్ వస్తాయి. మాంసం లేని వంటకం కూడా పెడతారు. ఇజ్లీ అనే ఖాతాలో డబ్బు వేసి ఫోనులోని కోడ్‌తోనో విద్యార్థి కార్డుతోనో చెల్లించాలి. చేరిన వారంలోనే ఆ ఖాతా తెరుచుకోండి. నగదు తీసుకుని వెళ్లి వెనుదిరిగేవాళ్లు చాలామంది. మీ కాలేజీదే కానక్కర్లేదు, ఊళ్లో ఏ శాలకైనా వెళ్లవచ్చు. శని, ఆదివారాలు మాత్రం ఎక్కువశాతం మూసి ఉంటాయి, ఆ రెండు రోజులకు వండుకోక తప్పదు. సాయంత్రం దుకాణం మూసేవేళ మిగిలినవి చవగ్గా ఇచ్చే టూ గుడ్ టు గో యాప్‌లో బేకరీ సంచీ 4, 5 యూరోలు. లోపల ఏముందో ముందు చెప్పరు. హామ్ శాండ్‌విచ్‌లు రావచ్చు, మీరు తినకపోతే పంచుకునే స్నేహితుణ్ణి చూసుకోండి.

ప్రశ్న: ఒకే కెఫేలో ఒకే కాఫీకి మా పక్కవాళ్లకు 1.50, మాకు 3.20 వేశారు.

జవాబు: వాళ్లు కౌంటరు దగ్గర నిలబడి తాగి ఉంటారు, మీరు కూర్చున్నారు. రెండు ధరలూ గోడమీద పట్టికలో ఉంటాయి. ‘అఁ కఫే’ అంటే గుక్కెడు డికాక్షన్ వస్తుంది, పాలు కావాలంటే ‘కఫే క్రెమ్’ అనండి.

ప్రశ్న: పెళ్లిరోజుకు మిషెలాఁ (మిషెలిన్) గైడు నక్షత్రాలిచ్చిన చోటుకు వెళదామనుకుంటున్నాం. ఆమె శాకాహారి. ఆశ పెట్టుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. వారెన్ వీధిలో అలాఁ పసార్ నడిపే ఆర్పేజ్‌కు 1996 నుంచి మూడు నక్షత్రాలున్నాయి. 2001లో ఎర్రమాంసం మానేశారు. 2025 జూలై నుంచి తేనె తప్ప జంతువుల నుంచి వచ్చేవేవీ లేకుండా కూరగాయలతోనే వండుతున్నారు. ధర మాత్రం మనిషికి కొన్ని వందల యూరోలు. అంత వద్దంటే ఒక నక్షత్రం ఉన్నచోట పనిరోజు మధ్యాహ్నం బల్ల తీసుకోండి. రాత్రి ధరలో సగానికో అంతకన్నా తక్కువకో వస్తుంది. శాకాహారమని బుక్ చేసేటప్పుడే రాయాలి. అక్కడికి వెళ్లాక చెబితే పళ్లెంలోంచి మాంసం తీసేసి మిగిలింది ఇస్తారు, ధర తగ్గదు.

ప్రశ్న: ఆన్‌లైన్లో బల్ల బుక్ చేస్తుంటే కార్డు నంబరు అడుగుతున్నారు. డబ్బు ముందే తీసేసుకుంటారా?

జవాబు: మామూలుగా తీసుకోరు, కార్డు వివరాలు మాత్రం పట్టి ఉంచుతారు. ముప్ఫై కుర్చీల రెస్టారెంటులో నలుగురు రాకపోతే ఆ పూట లాభం పోయినట్టే, అందుకని ఈ కట్టడి. చెప్పకుండా మానేస్తే మనిషికి ఇంత అని కోస్తారు. ఎంత, ఎన్ని గంటల ముందు రద్దు చేయాలి అన్నది ధ్రువీకరణ మెయిల్‌లో ఉంటుంది, సాధారణంగా 24 లేదా 48 గంటలు. నలుగురికి బుక్ చేసి ముగ్గురే వెళ్లినా ఆ ఒక్కరి రుసుము పడవచ్చు, ముందే సంఖ్య మార్చండి. అంతర్జాతీయ చెల్లింపులు ఆపి ఉంచిన కార్డు ఇస్తే బుకింగే కాదు. రాత్రికి రెండు విడతలు నడిపే చోట ఏడున్నరకు బల్ల ఇస్తే తొమ్మిదిన్నరకు లేవాలని అర్థం. పదిహేను నిమిషాలకన్నా ఆలస్యమయ్యేట్టుంటే ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే బల్ల వేరేవాళ్లకు ఇచ్చేస్తారు.